సగం పాట నీ దగ్గర, సగం నా దగ్గర

ఆండీస్ నాదయాత్ర – 4వ భాగం

గత భాగంలో చావిన్ దె హువాంతార్ ఆలయంలోని చీకటి గదిలో 2001లో బయటపడిన 20 శంఖాల దగ్గర ఆగాం. ఎక్వడార్ వైపు వెచ్చటి సముద్రంలో పుట్టి, 3,000 మీటర్లు దాటిన కొండల నడుమకు చేరిన శంఖాలవి. తరతరాల చేతులు తగిలి వాటి ఒళ్లు నునుపుదేలింది. అంతకు ముందు భాగంలో సూపే లోయలోని కరాల్ నగరంలో దొరికిన 32 ఎముక పిల్లనగ్రోవుల కథ విన్నాం. ఎముక అయింది, శంఖం అయింది. ఇక వెదురులాంటి బోలుగడ వంతు.

ఆ గడతో చేసే వాద్యం పేరు సికు. స్పానిష్ మాట్లాడేవాళ్లు సాంపోన్యా అంటారు. దక్షిణ అమెరికా సంగీతం అనగానే రంగురంగుల పోంచో తొడుక్కున్న మనిషి మూతి దగ్గర పెట్టుకుని ఊదే గొట్టాల వరస మనలో చాలామందికి గుర్తొస్తుంది. ఆ వరసే సికు. కానీ ఆ బొమ్మలో అసలు సంగతి కనబడదు. పెరూ, బొలీవియా సరిహద్దులో టిటికాకా సరస్సు చుట్టూ ఉన్న ఐమారా పల్లెల్లో ఒక మనిషి చేతిలో ఉండేది సగం సికు మాత్రమే. రెండో సగం ఎదుటివాడి చేతిలో ఉంటుంది. ఇద్దరూ కలిస్తే తప్ప పాట పూర్తికాదు.

వాద్యాన్ని కావాలని రెండు ముక్కలు చేసుకుని, ఆ రెండు ముక్కలనూ ఇద్దరు మనుషులకు పంచి, శతాబ్దాలుగా అలాగే కాపాడుకున్న జనం కథ ఇది.

పెన్ను క్యాపు చెప్పే రహస్యం

చిన్నప్పుడు పెన్ను క్యాపును కింది పెదవికి ఆనించి ఈల వేయని బడిపిల్లలు ఉండరు. సికు పనిచేసేది సరిగ్గా అలాగే. గొట్టానికి ఒక కొస మూసి ఉంటుంది, రెండో కొస తెరిచి ఉంటుంది. తెరిచిన అంచుమీదుగా గాలి ఊదితే లోపలి గాలి కదిలి పలుకుతుంది. పొట్టి గొట్టం సన్నగా పలుకుతుంది, పొడుగు గొట్టం బొంగురుగా పలుకుతుంది. మన పిల్లనగ్రోవికి ఉన్నట్టు దీనికి వేళ్లతో మూసే రంధ్రాలు లేవు. ఒక్కో గొట్టానికి ఒక్కటే స్వరం. ఎన్ని స్వరాలు కావాలంటే అన్ని గొట్టాలు కట్టుకోవాలి.

ఇలాంటి గొట్టాల వరసలు ప్రాచీన గ్రీకులకూ ఉండేవి. పసిఫిక్ సముద్రంలోని సాలమన్ దీవుల్లోనూ ఉన్నాయి. ఆండీస్ జనం చేసిన పని వేరు. స్వరాలను వరసగా ఒకే కట్టలో పెట్టకుండా, ఒకటి విడిచి ఒకటి తీసి రెండు కట్టలుగా పంచారు. ఒక కట్ట పేరు ఇరా, రెండోదాని పేరు అర్కా. ఐమారా భాషలో మొదటిది ముందు నడిచేది, రెండోది వెంట వచ్చేది. సాధారణంగా ఇరాకు 6 గొట్టాలు, అర్కాకు 7 గొట్టాలు ఉంటాయి.

ఇది ఎలా ఉంటుందో ఇంట్లోనే చేసి చూడవచ్చు. స, గ, ప, ని ఒకరు తీసుకోండి. రి, మ, ద, పై స మరొకరికి ఇవ్వండి. ఇప్పుడు ఇద్దరూ కలిసి ‘సరిగమ’ పాడండి. నాలుగు స్వరాలు పూర్తయ్యేలోపు పాట మూడుసార్లు గొంతు మారుతుంది. నిదానంగా అయితే బాగానే వస్తుంది. కాస్త వేగం పెంచగానే తెలుస్తుంది, ఎదుటివారి ఊపిరి కనిపెట్టకుండా ఒక్క స్వరం కూడా సమయానికి పడదని. ఒకే రోట్లో ఇద్దరు ఆడవాళ్లు ధాన్యం దంచుతుంటే ఒక రోకలి లేచే వేళకు రెండోది దిగాలి. తప్పితే రోకలికి రోకలి తగులుతుంది. సికు ఊదేవాళ్లది ప్రతి క్షణం ఆ మెలకువే.

ఆరితేరిన వాద్యకారులు ఇంకో అడుగు వేస్తారు. తన స్వరాన్ని ఠక్కున ఆపేయకుండా, జతగాడి స్వరం మొదలయ్యాక కూడా ఒక రవ్వ కొనసాగనిస్తారు. అందువల్ల రెండు స్వరాల నడుమ సందు మిగలదు. దూరం నుంచి వినేవాడికి ఒకే పెద్ద వాద్యం మోగుతున్నట్టు ఉంటుంది.

ఇలాంటి జతలు ఒకటి రెండు కాదు, పదులకొద్దీ కలిసి ఊదుతాయి. గొట్టాల పొడవును బట్టి వాటిలో మళ్లీ అంతస్తులున్నాయి. అన్నిటికన్నా చిన్నది చూలి. దానికి రెట్టింపు పొడవైనది మాల్తా. మాల్తాకు రెట్టింపు సాంకా. అన్నిటికన్నా పెద్దదైన తోయో గొట్టం మీటరు దాటుతుంది. పొడవు రెట్టింపైతే స్వరం ఒక స్థాయి కిందికి దిగుతుంది. కాబట్టి ఒకే పాట తారస్థాయి నుంచి మంద్రం దాకా ఒక్కసారిగా వినిపిస్తుంది. దానికి పెద్ద డోళ్ల దెబ్బ తోడైతే కాళ్ల కింది నేల కూడా పాటలో కలుస్తుంది.

తాడుతో కలిపిన ఇద్దరు

ఎందుకు ఇలా పంచుకున్నారు? తేలిగ్గా తోచే జవాబు ఒకటుంది. టిటికాకా సరస్సు సముద్రమట్టానికి 3,812 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలి పలచన. పెద్ద గొట్టాలను ఆపకుండా ఊదితే కళ్లు తిరుగుతాయి. ఒకరు ఊదుతుంటే మరొకరికి ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. ఇది నిజమే.

అయితే ఈ జవాబు ఒక్కటే చాలదు. సముద్రపు ఒడ్డున, ఊపిరికి ఏ కొదవా లేని చోట కూడా ఈ జంటలు కనిపిస్తాయి. పెరూ ఉత్తర తీరంలో క్రీస్తు శకం మొదటి శతాబ్దాల నుంచి సుమారు 800 దాకా మోచే ప్రజలు వర్ధిల్లారు. వాళ్లకు లిపి లేదు. చెప్పదలచుకున్నదంతా కుండలమీద బొమ్మలుగా గీశారు. కొన్ని బొమ్మల్లో ఇద్దరు వాద్యకారులు ఎదురెదురుగా నిలబడి గొట్టాల వరసలు ఊదుతుంటారు. ఒకరి వాద్యం నుంచి రెండోవారి వాద్యానికి ఒక తాడు వేలాడుతూ ఉంటుంది. ఆ తాడు ఎక్కడా తెగదు. ఈ రెండూ వేర్వేరు వాద్యాలు కావు, ఒకటే అని చెప్పడానికి అంతకన్నా తేటైన గుర్తు ఏం కావాలి?

దక్షిణ తీరంలో నాస్కా కుమ్మరులు ఇంకా కష్టమైన దారి ఎంచుకున్నారు. గడలు వదిలి గొట్టాలను కాల్చిన మట్టితో చేశారు. మట్టిని నీళ్లలో పలచగా కలిపి, ఆ ద్రావణంతో సన్నటి గోడల గొట్టాలు పోసి, పక్కపక్కన అతికి కాల్చేవారు. మట్టి ఆరేటప్పుడూ కాలేటప్పుడూ కుంచించుకుపోతుంది. గొట్టం పొట్టిదైతే స్వరం మారిపోతుంది. అంటే ఆవంలో ఎంత తగ్గుతుందో ముందే లెక్కకట్టి అంత ఎక్కువ పొడవు పెట్టాలన్నమాట. గడ అయితే కోసి సరిచేసుకోవచ్చు. కాలిన మట్టికి ఆ అవకాశం తక్కువ. ఆ కుమ్మరి చెవి ఎంత నికార్సయినదో ఊహించుకోండి.

1995లో నాస్కాల పుణ్యక్షేత్రమైన కావాచిలో ఇటలీ పురావస్తు శాస్త్రవేత్త జుసెప్పె ఒరెఫిచి బృందానికి 27 మట్టి వాద్యాల ముక్కలు ఒకేచోట దొరికాయి. కాలగతిలో పగిలినవి కావని, పూజలో భాగంగా కావాలనే పగలగొట్టి ఉంటారని పరిశోధకుల అభిప్రాయం. మనం దేవుడికి కొబ్బరికాయ కొడతాం. వాళ్లు చేతనైనంత గొప్పగా చేసుకున్న పాటనే కొట్టి సమర్పించారు.

కుస్కో వదిలివెళ్లిన కుర్రవాడు

1532లో స్పానిష్ సేనలు కహమార్కాలో ఇన్కా చక్రవర్తి అతవాల్పాను పట్టుకున్నాయి. మరుసటి ఏడాది రాజధాని కుస్కో వాళ్ల వశమైంది. ఆ కుస్కోలోనే 1539లో ఒక పిల్లవాడు పుట్టాడు. తండ్రి స్పానిష్ సేనాని, తల్లి ఇన్కా రాజవంశపు ఆడపడుచు చింపు ఓక్యో. ఇద్దరి ఇళ్లూ, ఇద్దరి భాషలూ తెలిసి పెరిగిన ఆ బిడ్డ 1560లో స్పెయిన్ వెళ్లాడు. మళ్లీ సొంతగడ్డ చూడలేదు. పేరు గార్సిలాసో దె లా వేగా. తల్లివైపు చరిత్రను ముసలితనంలో రాసుకున్నాడు. ఆ గ్రంథం 1609లో లిస్బన్‌లో అచ్చయింది.

అందులో సంగీతం గురించి ఒక అధ్యాయం ఉంది. సరస్సు ప్రాంతపు కోల్యా జనం గొట్టాల వాద్యాలు ఊదే తీరును ఆయన వర్ణిస్తాడు. ఒకరు తన గొట్టం ఊదితే మరొకరు దానికి పొసిగే స్వరంతో బదులిస్తారు, ఇంకొకరు అందుకుంటారు, అలా స్వరం ఎక్కుతూ దిగుతూ ఉన్నా తాళం మాత్రం తప్పదు. నాలుగు స్థాయిల గొంతులతో ఆయన దీన్ని పోల్చాడు. యాభై ఏళ్ల కింద విన్న శబ్దాన్ని సముద్రాలకు అవతల కూర్చుని ఒక ముసలాయన గుర్తుచేసుకుని రాసిన మాటలవి. ఈనాటి టిటికాకా పల్లెకు వెళ్లి వింటే ఆ వర్ణనలో మార్చవలసింది పెద్దగా ఉండదు.

అదే అధ్యాయంలో మరో ముచ్చట ఉంది. కుస్కోలో ఒక రాత్రి ఒక స్పానిష్ వాడు దారిలో తనకు తెలిసిన ఇన్కా యువతిని ఆపి, తన బసకు రమ్మంటాడు. ఆమె ఒప్పుకోదు. ఆ గుట్టమీద మోగుతున్న వేణువు తనను పిలుస్తోందనీ, తాను వెళ్లక తప్పదనీ, వదిలిపెట్టమనీ బతిమాలుతుంది. ఆ జనానికి ప్రతి పాటకూ తనదే అయిన బాణీ ఉండేదట. అందుకే మాటలు పాడకుండా బాణీ ఒక్కటి ఊదినా ఏం చెబుతున్నారో అర్థమయ్యేదని గార్సిలాసో రాశాడు. వేణువు పిలిస్తే ఇల్లు వదిలి వెళ్లిన గోపికల కథలు వింటూ పెరిగిన మనకు ఆమెను అర్థం చేసుకోవడం కష్టం కాదు.

శంఖానికి శిక్ష

పాలకులకు ఆ శబ్దాలు ముచ్చటగా తోచలేదు. 17వ శతాబ్దం మొదట్లో విగ్రహారాధనను పెకిలించే పేరుతో మతాధికారులు ఊరూరా తిరిగారు. అలాంటి తనిఖీల్లో పాల్గొన్న పాబ్లో హోసె దె అర్రియాగా అనే జెస్యూట్ 1621లో ఆ పనికి మార్గదర్శిగా ఒక పుస్తకమే అచ్చువేశాడు. పూర్వీకుల మమ్మీలతో, దేవతా శిలలతో పాటు డోళ్లు, బూరలు కూడా జప్తు సామాను జాబితాలోకి ఎక్కాయి.

దెబ్బ మరింత గట్టిగా పడింది 1781లో. స్పానిష్ పాలనపై రెండో టుపాక్ అమారు లేపిన తిరుగుబాటును అణచివేసిన తర్వాత ఆయనకు కుస్కో నడిబొడ్డున మే 18న మరణశిక్ష అమలు చేశారు. స్పానిష్ అధికారి అరేచే ఇచ్చిన ఆ తీర్పు మనుషులతో ఆగలేదు. ఇన్కా దుస్తులు వేసుకోకూడదన్నాడు. ఇన్కాల చిత్రపటాలు ఉండకూడదన్నాడు. పాత రాజుల కథల నాటకాలు ఆడకూడదన్నాడు. పుతుతు అని పిలుచుకునే సముద్రపు శంఖాలను పేరుపెట్టి మరీ నిషేధించాడు. వాటి శోకస్వరంలో ఆ జనం తమ పోయిన రాజ్యాన్ని తలచుకుంటున్నారని ఆయన ఫిర్యాదు. చావిన్ చీకటి గదిలో మనం వదిలివచ్చిన శంఖమే అది. శబ్దాన్ని చూసి ఒక సామ్రాజ్యం ఇంత భయపడిందంటే, ఆ శబ్దం చేసే పని ఎంత పెద్దదో శత్రువుకే బాగా తెలిసిందన్నమాట.

సికు ఆ రోజులన్నీ దాటుకుని వచ్చింది. క్యాథలిక్ పండుగల చాటున బతికింది. ఫిబ్రవరి 2న వచ్చే కాండెలారియా మాత పండుగ వానలు కురిసి చేలు ఎదిగే వేళకు సరిపోతుంది. విగ్రహం మేరీ మాతది, ముందు నడిచే గొట్టాల గుంపు ఐమారా వాళ్లది. పంట చేతికి రావాలని భూమాత పచమామాకు మొక్కినవాళ్లే మేరీ మాత ముందు ఊదారు. వాళ్ల మనసులో ఈ రెంటికీ తగవు లేదు.

ఇంకో కారణం ఆ వాద్యంలోనే ఉందని నాకు గట్టిగా అనిపిస్తుంది. సికుకు ఆస్థాన విద్వాంసుడు లేడు. గురువు ఒక్కడినీ పట్టుకుంటే ఆగిపోయే విద్య కాదు. పాట సగం సగంగా ఊరంతా పరచుకుని ఉంటుంది. దాన్ని తీసేయాలంటే పొరుగువాళ్ల మధ్య ఉన్న పొత్తునే తీసేయాలి.

కోనిమాలో ఒక రాత్రి

ఆ పొత్తు ఎలా ఉంటుందో దగ్గరగా చూడాలంటే సరస్సుకు ఈశాన్యాన పెరూ వైపు ఉన్న కోనిమాకు వెళ్లాలి. అమెరికన్ సంగీత పరిశోధకుడు థామస్ టురీనో 1980లలో అక్కడ ఉండి, వాళ్లతో కలిసి ఊది, 1993లో తన పుస్తకం వెలువరించాడు. పండుగ ముందటి రాత్రి వాళ్లు కొత్త పాట కట్టుకునే తీరు అందులో ఉంది.

వాద్యకారులు ఒక ఇంట్లో చేరతారు. ఎవరో ఒకరు మూలన కూర్చుని చిన్న స్వరాల తునక మెల్లగా ఊదుతాడు. ఇది బాగుందా అని అడగడు. నచ్చితే పక్కవాడు అందుకుంటాడు, తర్వాత మరొకడు. కాసేపటికి గదంతా ఆ తునకను ఊదుతుంటుంది. నచ్చకపోతే ఎవరూ ఏమీ అనరు. దాన్ని అందుకోరు, అంతే. ఆ తునక తనంతట తాను చల్లారిపోతుంది. తెల్లారేసరికి ఒక పాట తయారవుతుంది. అది ఎవరిదని అడిగితే ఊరిది.

పండుగలో ఆ ఊరివాడు ఎవడైనా వచ్చి గుంపులో నిలబడి ఊదవచ్చు. సరిగా రానివాడిని పదిమందిలో తప్పుపట్టరు. కానీ ఒక్కడి వాద్యం అందరికన్నా పైకి వినబడితే మాత్రం అది లోపమే. గుంపంతా ఒకే వాద్యంలా మోగాలన్నది వాళ్ల ఆదర్శం. పాటలు చిన్నవి, మూడు చరణాల పాటివి. వాటినే మళ్లీ మళ్లీ ఊదుతూ వలయంగా తిరుగుతారు. కొత్తవాడు మొదటి ఆవృత్తంలో తడబడతాడు, ఐదో ఆవృత్తంలో కుదురుకుంటాడు, పదోదానికి తాను నేర్చుకున్న సంగతే మరిచిపోతాడు.

ఈ గుంపుకు కావలసిన చిన్నా పెద్దా వాద్యాలన్నీ ఒకే చేతిమీద ఒక కట్టగా తయారవుతాయి. బొలీవియాలోని వలాటా అనే ఊరు ఈ పనికి పేరుపడింది. చలిపీఠభూమిలో సరైన గడలు పెరగవు. తూర్పున దిగువనున్న వెచ్చటి లోయల నుంచి వాటిని తెచ్చుకోవాలి. గాట్లు పెట్టిన కొలత కర్ర పక్కన గడను ఆనించి కోస్తారు. తాతల నాటి శ్రుతి ఆ కర్రమీది గాట్లలో భద్రంగా ఉంటుంది.

ఏ వాద్యం ఎప్పుడు ఊదాలన్నది కూడా చాలా పల్లెల్లో కట్టుబాటే. వానల కాలంలో పింకిల్యు అనే నిలువు వేణువు ఊదుతారు, దాని గొంతు వానను పిలుస్తుందని నమ్మకం. సికు ఎక్కువగా పొడి కాలానిది, మంచు పడే రాత్రులది. ఆ మంచు వాళ్లకు కావాలి. జూన్ నెల రాత్రుల్లో బంగాళాదుంపలు బయట పరచి గడ్డకట్టనిచ్చి, పగలు తొక్కి నీరు పిండి ఎండబెడితేనే ఏళ్లకొద్దీ నిలవుండే చూన్యో తయారవుతుంది. చేనుకూ పాటకూ అక్కడ ఒకటే పంచాంగం.

ఒక్కడి చేతికి చేరి, మళ్లీ ఇద్దరికి

1960లలో బొలీవియా పాలనా కేంద్రం లాపాజ్‌లోని పేన్యా నైరా అనే చిన్న సంగీతశాలలో ‘లోస్ హైరాస్’ బృందం ఆండీస్ వాద్యాలను పట్నపు శ్రోతల ముందుకు తెచ్చింది. ఇలాంటి నలుగురైదుగురు సభ్యుల బృందాల వేదికమీద పాతికమంది సికు వాద్యకారులకు చోటెక్కడిది? ఇరా, అర్కా రెంటినీ ఒకదానిమీద ఒకటి కట్టేసి ఒక్కడే ఊదే పద్ధతి స్థిరపడింది. పారిస్ దాకా, అక్కడినుంచి ప్రపంచమంతా ఆ పద్ధతే పాకింది. ఆ కళాకారులకు మనం రుణపడి ఉండాలి. వాళ్లు లేకపోతే సికు పేరు మనదాకా వచ్చేది కాదు. 1977లో వాయేజర్ నౌకలు భూమి శబ్దాలు మోసుకుని అంతరిక్షంలోకి వెళ్లినప్పుడు, ఆ బంగారు పళ్లెంలో పెరూ నుంచి గొట్టాల వాద్యం, డోలు కలిసిన 52 సెకన్ల పాట కూడా వెళ్లింది.

కానీ ఒక్కడే ఊదితే స్వరాలు దక్కుతాయి, సంభాషణ దక్కదు. ఆ వెలితి గుర్తించినవాళ్లు లీమా నగరంలో ఉన్నారు. బతుకుతెరువు కోసం కొండలు దిగివచ్చిన పల్లెజనం అక్కడ చాలాకాలం తమ భాషనూ పాటనూ దాచుకుని తిరిగారు. వాటిని మోటుగా చూసే నగరమది. 1975లో పెరూ ప్రభుత్వం కొండ జనం మాట్లాడే కెచువాను అధికార భాషగా ప్రకటించిన ఆ దశకంలోనే గాలి మారింది. టిటికాకా ఒడ్డునున్న పూనో నుంచి వచ్చిన యువకులు, విశ్వవిద్యాలయ విద్యార్థులు లీమా వీధుల్లో సికు గుంపులు కట్టారు. కట్టేసిన ముడి విప్పి, ఇరా ఒకరికీ అర్కా ఒకరికీ మళ్లీ పంచుకున్నారు. ఈనాడు లీమా, శాంటియాగో, బ్యూనస్ ఎయిరిస్ నగరాల్లో ఐమారా మాట ఒక్కటీ రాని కుర్రవాళ్లు, ఒకప్పుడు ఈ వాద్యం పట్టే ఆచారం లేని ఆడపిల్లలు కూడా ఎదురెదురుగా నిలబడి ఊదుతున్నారు. పూనోలో జరిగే కాండెలారియా పండుగను 2014లో యునెస్కో మానవాళి వారసత్వంగా గుర్తించింది.

ఎప్పుడైనా ఒక మ్యూజియంలో అద్దం వెనక ఒంటరి గొట్టాల వరస కనబడితే ఒక్క క్షణం ఆగి గొట్టాలు లెక్కపెట్టండి. ఆరు ఉంటే అది బహుశా ఇరా, ఏడు ఉంటే అర్కా. దాన్ని బయటికి తీసి ఎంత గొప్ప విద్వాంసుడు ఊదినా ఒకటి విడిచి ఒకటే స్వరం పలుకుతుంది. మిగతా స్వరాలు పట్టుకున్నవాడు ఎక్కడో ఉన్నాడు, లేదా ఉండేవాడు. మోచే చిత్రకారుడు కుండమీద గీసిన ఆ తాడు అక్కడ తెగిపోయి ఉంటుంది.

(వచ్చే భాగంలో: స్పానిష్ వాళ్లు తెచ్చిన తీగలు, ఆండీస్ కొండల్లోని అలుగు లాంటి జంతువు పెంకు, పొటోసీ వెండి కొండ. ఈ మూడూ కలిసి చరాంగో అనే చిన్న వాద్యం పుట్టిన కథ.)